నక్క తోక తొక్కి వచ్చాం

క్యోటో స్టేషన్ నుంచి నారా లైన్‌లో రెండో స్టాపే ఇనారి. స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా ఫుషిమి ఇనారి గుడి. కాస్త ఆలస్యమైతే ఫొటోల జనంతో అడుగు పెట్టడానికి చోటుండదని పొద్దున ఆరున్నరకే దిగాం. టికెట్టు లేదు, రాత్రైనా పగలైనా కొండెక్కొచ్చు.

అమ్మ చేసిన మొదటి పని చెప్పుల స్టాండు వెతకడం. ఇక్కడ ఆరుబయట చెప్పులతోనే నడుస్తారమ్మా అంటే నమ్మలేదు. అప్పటి జపాన్ పాలకుడు హిదెయోషి కాలంలో, 1589లో కట్టిన సింహద్వారం దగ్గర ఒక జపాన్ పెద్దాయన బూట్లతోనే వంగి దణ్ణం పెట్టుకుని లోపలికి వెళ్ళడం చూశాక గానీ కదల్లేదు.

ద్వారానికి రెండు వైపులా సింహాలుండాల్సిన చోట నక్కలు. ఒకదాని నోట్లో తాళంచెవి ఉంది. లోపలికి వెళ్ళేకొద్దీ ఇంకా బోలెడు నక్కలు, కొన్నిటి మెడకి ఎర్రగుడ్డలు. ఒక నక్క నోట్లో ఉన్నది చూసి అమ్మ ఆగిపోయింది. "వరి కంకే కదే అది!" వరి కంకే. ఇనారి వరిపంట దేవుడు, నక్కలు ఆయన దూతలు. తర్వాత వ్యాపారులూ ఆయన్ని పట్టుకున్నారు. బౌద్ధులైతే మన డాకినిని తీసుకెళ్ళి, తెల్లనక్క ఎక్కించి, ఇనారితో కలిపేశారు. "అయితే ఇవాళ నక్క తోక తొక్కినట్టే" అంది అమ్మ.

గుడి వెనక నుంచి సెంబోన్ తోరీ, అంటే వెయ్యి తోరీల దారి, మొదలవుతుంది. తోరీ అంటే జపాన్ గుళ్ళ దగ్గర నిలబెట్టే ద్వారం. ఎర్రటి చెక్క తోరీలు ఒకదాని వీపు ఒకటి తాకేంత దగ్గరగా ఉండి, సొరంగంలో నడిచినట్టుంటుంది. కొండ మొత్తం మీద పదివేల దాకా ఉంటాయంటారు. "తోరీ అంటే తోరణమేగా" అని అమ్మ తేల్చేసింది. ఆ మాట అక్కడి నుంచే వచ్చిందనే పండితులూ ఉన్నారు, కాదనేవాళ్ళూ ఉన్నారు. నేను వాదించలేదు.

సొరంగం దాటాక ఒక చిన్న గుడి పక్కన రెండు రాతి దీపస్తంభాలున్నాయి. మనసులో ఏదో ఒకటి కోరుకుని స్తంభం మీది గుండ్రాయి ఎత్తాలి. అనుకున్నంత బరువు లేకపోతే కోరిక తీరుతుందట. నాకు బరువుగానే ఉంది. అమ్మ ఎత్తి మెల్లగా దించింది. ఏం కోరుకున్నావంటే చెప్పలేదు, రాయి ఎలా ఉందో కూడా చెప్పలేదు.

కొండ ఎత్తు 233 మీటర్లే. అలిపిరి నుంచి 3,550 మెట్లు మూడుసార్లు ఎక్కిన మనిషికి ఇదో లెక్కా అనుకున్నాను. కానీ అవి మోకాళ్ళు బాగున్న రోజులు. సగం పైన యొత్సుత్సుజి అనే కూడలిలో బెంచీ మీద కూలబడ్డాం. చెట్ల మీదుగా క్యోటో దక్షిణపు ఇళ్ళ కప్పులు కనిపిస్తున్నాయి. చాలామంది ఇక్కడి నుంచే దిగిపోతారు. "కొండ దాకా వచ్చి పైకి పోకుండానా?" అని అమ్మే ముందు లేచింది.

తీరా ఎక్కితే శిఖరం నుంచి ఏమీ కనబడదు. చుట్టూ చెట్లు, నాలుగు మెట్ల పైన ఒక చిన్న గుడి, చుట్టూ కుప్పలుగా చేతిలో పట్టేంత బుల్లి తోరీలు. రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్ళీ వంగాం. అమ్మ ఆ పైన గోవిందా అంది.

అసలు వింత దిగేటప్పుడు. ఎక్కేవాళ్ళకి తోరీలు నున్నగా కనిపిస్తాయి. దిగేవాళ్ళకి మాత్రం ప్రతి స్తంభం మీదా నల్లటి అక్షరాలు. ఫోన్ కెమెరాతో చదివించాను. ఒకవైపు తోరీని కానుకగా ఇచ్చిన తేదీ, ఒకవైపు కంపెనీదో మనిషిదో పేరు.

"మన గుళ్ళో ట్యూబ్‌లైట్ మీద దాత పేరు రాసినట్టు" అంది అమ్మ. మా ఊరి రామాలయంలో నాన్న పేరున ఒక ట్యూబ్‌లైటుంది. సగం వెలుగు అక్షరాలకే పోతుంది.

ఒకచోట చెక్క కుళ్ళిపోయి ఒక తోరీ తీసేసినట్టున్నారు. వరసలో సందు, నేలలో రెండు గుంటలు. అమ్మ అక్కడ ఆగింది.

"ఇది ఎంతవుతుందే?"

"లక్షల యెన్‌లమ్మా."

"రూపాయల్లో చెప్పు."

చెప్పాను. గుంటల వంక ఇంకోసారి చూసి, నా భుజం పట్టుకుని మెట్టు దిగింది.