మామా సరిచేస్తుందిలే

"హాదా మచ్బూస్? హాదా హరీస్!" అంది మామా, పళ్ళెం మీద మూత తీసి. ఇది మచ్బూసా, లేక హరీసా అని. మాంసం ఉడికిన రసంలో బియ్యం వేసి పొడిపొడిగా వండేది మచ్బూస్. గోధుమలూ మాంసమూ కలిపి ముద్దయ్యేదాకా ఉడికించేది హరీస్. మా రాజంపేట వైపు అయితే "అన్నం వండమంటే సంగటి చేసినావా" అనేవాళ్ళు. గదిలో ఆమె అక్కచెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు, అందరూ విన్నారు. ఎవరో నవ్వారు కూడా. నేను ఏమీ అనకుండా వంటింట్లోకి వచ్చేశాను.

ఇది 2012లో సంగతి. అప్పటికి నేను కువైట్‌కు వచ్చి మూడేళ్ళు. ఇక్కడ ఇళ్ళల్లో పనికి వచ్చినవాళ్ళు యజమానురాలిని మామా అంటారు, యజమానిని బాబా అంటారు. వచ్చిన కొత్తలో ఫోన్లో "మామా తిట్టింది" అని చెప్పుకుంటే మా అమ్మ "మామ తిట్టినాడు అనాల గానీ తిట్టింది అంటావేమే, అప్పుడే తెలుగు మర్చిపోతివా" అంది. మా మామ ఎప్పుడో పోయాడని కూడా ఆమెకు గుర్తు రాలేదు.

ఆ రోజు అన్నం ముద్దవడానికి కారణం ఉంది. చెప్పుకోవాలని ఇన్నేళ్ళయినా ఉంది. బియ్యం రసంలో వేసి మూత పెట్టిన సమయానికి బాబా వేసుకునే పొడుగు అంగీ, దిష్‌దాషా, ఇస్త్రీ చేయమని పైఅంతస్తు నుంచి పిలుపు. ఇస్త్రీ అయ్యేసరికి తలుపు గంట. తలుపు తీసి వచ్చినవాళ్ళకు ఖర్జూరాలు, గహ్వా అనే అరబ్బీ కాఫీ ఇచ్చి వచ్చేసరికి బియ్యం పని అయిపోయింది. ఇదంతా మామాకు తెలియక కాదు, పిలిచింది ఆమే.

రాత్రి అంట్లు తోముతుంటే చిన్నమ్మాయి వచ్చింది. తొమ్మిదేళ్ళది. బియ్యం మూట మీద కూర్చుని చేతిలోని ఆట డబ్బా నా వైపు తోసింది. గులాబీ రంగు నింటెండో డీఎస్, ఒక పక్క మడత విరిగితే టేపు చుట్టారు, వాళ్ళ అక్క వాడి వదిలేసింది. "షూఫీ, చూడు, ఇందులో కూడా మామా ఉంది. వంట నేర్పిస్తుంది. నువ్వు ఆడు" అంది. కోతకాలంలో 20 మంది కూలోళ్ళకు ఒక్కచేత్తో వండిపెట్టినదాన్ని, నాకు బొమ్మ నేర్పిస్తుందట. ఒళ్ళు మండింది. కానీ ఆ పిల్ల పొద్దున జరిగినదంతా చూసి, తన దగ్గర ఉన్నదాంట్లో ఇవ్వగలిగింది తెచ్చి ఇచ్చింది. దాని మీద కోపం ఎట్లా నిలుస్తుంది? చేతులు తుడుచుకుని తీసుకున్నాను.

ఆట పేరు కుకింగ్ మామా. జపాన్‌లో ఆఫీస్ క్రియేట్ అనే కంపెనీ తయారుచేసింది. 2006 మార్చిలో అక్కడ, అదే ఏడాది సెప్టెంబరులో అమెరికాలో వచ్చిందని తర్వాత ఫోన్లో వెతికితే తెలిసింది. 70కి పైగా వంటలు. పై తెరలో చూపిస్తుంది, కింది తెర మీద పుల్లలాంటి పెన్నుతో మనం చేయాలి. తరగడం, తోలు ఒలవడం, పిండి పిసకడం, గుడ్డు కొట్టడం, మంట పెంచడం తగ్గించడం. వేడిగా ఉందంటే మైకులోకి ఊదాలి. నేను ఊదితే పిల్ల పడీపడీ నవ్వింది.

బాగున్నవి ముందు చెబుతాను, లేకపోతే అసూయతో రాశానంటారు. వంటను ముక్కలుగా విడగొట్టి వరుస చూపించడం నాకు నచ్చింది. ఏది ముందు, ఏది తర్వాత అని నాకు ఎవరూ అట్లా చెప్పలేదు. మా అమ్మ పక్కన నిలబడి చూడడమే. ఇక్కడికి వచ్చిన మొదటి వారం పెద్ద మామా, అంటే బాబా వాళ్ళమ్మ, చెయ్యి ఊపుతూ అరబ్బీలో మచ్బూస్ చెప్పింది. లూమీ అంటే ఎండు నిమ్మకాయ అని, హషూ అంటే ఎర్రగడ్డ, ఎండుద్రాక్ష, పప్పు వేయించి పైన చల్లేదని నాకు అర్థమయ్యేసరికి నెల పట్టింది. పప్పు మాత్రం మన శనగపప్పు లాగానే ఉంటే ప్రాణం లేచొచ్చింది. ఆ వరుసంతా ఇట్లా రెండు తెరల మీద కనబడి ఉంటే ఆ నెల తిట్లు తప్పేవి. ఇంకొకటి, తరిగే ఆటలో మణికట్టు నిజంగానే తిరుగుతుంది. గీత మీద గీత వేస్తేనే ఒప్పుకుంటుంది.

ఇక లోపాలు. ఎర్రగడ్డ కోస్తే కళ్ళు మండవు. వంటయ్యాక అంట్లుండవు. రెండో వారానికే చేసిన పనే మళ్ళీ చేస్తున్నట్టు ఉంటుంది, వంట పేరు మారుతుంది, తరగడం అదే. ఒకసారి బంగారు పతకం వచ్చాక ఆ వంటతో పని లేదు. అన్నిటికన్నా పెద్ద అబద్ధం, ఒకసారికి ఒకే పని. క్యారెట్ తరుగుతుంటే క్యారెట్ ఒక్కటే. ఇస్త్రీకి పిలవరు, తలుపు గంట మోగదు, పక్క పొయ్యి మీద పాలు పొంగవు. నాకు ఎవరైనా క్యారెట్ కోసేటప్పుడు క్యారెట్ మాత్రమే కోయనిస్తే నేనూ రోజూ బంగారు పతకం తెస్తాను. ఆటలో ఒక్కో పనికి కొన్ని సెకన్లే గడువు. మాకు ఆ రోజుల్లో గడియారమే లేదు, ఇల్లు పడుకుంటే పని అయినట్టు. 2015లో కువైట్‌లో ఇంటి పనివాళ్ళ కోసం 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించకూడదని, వారానికొక సెలవని అందులో రాశారు. తర్వాతి ఏడాది కనీస జీతం 60 దీనార్లన్నారు.

చాలా రోజులు నన్ను తిన్నది మాత్రం వేరే విషయం. ఆ ఆటలో రుచి చూడడం లేదు. ఉప్పూ పులుసూ ఎప్పుడు వేయాలో చెబుతుంది, వేస్తాం, అయిపోయింది. చెంచా నోటికి పోదు. ఉప్పు చూడకుండా వంటేమిటి, ఇది వంట తెలియని మగాళ్ళు తయారుచేసిన ఆట అని పిల్లతో వాదించాను. దానికి సగం అర్థం కాలేదు.

ఆ ఏడాది రంజాన్ జులైలో మొదలైంది. 15 గంటలకు పైగా ఉపవాసం, బయట ఎండకు తారు కరుగుతోంది. నేను తిన్నా తాగినా ఆ ఇంట్లో కాదన్నవాళ్ళు లేరు, వంటింట్లో నా నీళ్ళ సీసా నాకుంది. కానీ ఇల్లంతా నోరెండి ఉంటే చెంచా నోట్లో పెట్టుకోబుద్ధి కాలేదు. మామా ఎప్పుడైనా వచ్చి నాలుక చివర తగిలించి ఉమ్మేసేది, మింగకపోతే తప్పు లేదట. మిగిలిన రోజులు నేను వాసన చూసి, గరిటె మీద చిక్కదనం చూసి దించేదాన్ని. నెలంతా ఒక్క ఉప్పు తిట్టు కూడా పడలేదు. అప్పుడు గుర్తొచ్చింది, మా అమ్మ పండగనాడు పులిహోర కలిపి, అరచేయి వాసన చూసి "ఇంకొంచెం ఉప్పు" అంటుంది. దేవుడికి పెట్టకముందు నోట్లో ఎట్లా వేసుకుంటుంది! ఆమె పక్కన అన్నేళ్ళు నిలబడి, రుచి చూడకపోతే వంట కాదని తొమ్మిదేళ్ళ పిల్లతో పోట్లాడాను. ఆ ఆట మీద నా ఫిర్యాదు మార్చుకున్నాను. రుచి లేకపోయినా ఫర్వాలేదు. వాసన లేదు చూడండి, అక్కడే చచ్చింది.

అన్నట్టు అదే 2006లో నింటెండో వాళ్ళే నిజమైన వంట చెప్పే ఇంకో డబ్బా జపాన్‌లో తెచ్చారట. తడి చేతులతో తాకక్కర్లేదు, నోటితో చెబితే తర్వాతి పని చదువుతుంది. కొనుక్కోవాల్సింది అది. కానీ పిల్లలు దాన్ని ఎందుకు ఆడతారు?

ఇంకొకటి ఉంది. ఆటలో మనం పని చెడగొడితే ఆ మామా కళ్ళల్లో మంటలు లేస్తాయి. తలకు గుడ్డ కట్టుకుని, నేను వంటింట్లో కట్టుకున్నట్టే, భగ్గుమని చూస్తుంది. చూశాక జపాన్ యాస ఇంగ్లీషులో, ఫర్వాలేదు, మామా సరిచేస్తుందిలే అంటుంది. తర్వాతి పనికి పోతాం. మార్కులు తగ్గుతాయి, వంట ఆగదు. ఇంటర్ చదివిన ఇంగ్లీషు నాది, మొదటిసారి ఆ మాట చదివి డబ్బా మూసేశాను. మూడేళ్ళలో ఆ వంటింట్లో ఎవరూ నాతో ఆ మాట అనలేదు. సరిచేసేదాన్ని నేనే కదా. పాలు విరిగితే, కూర మాడితే, పిల్ల పాలు ఒలికిస్తే.

మామా చెడ్డది అని రాయలేను. నెల మొదటి తారీఖున జీతం ఇచ్చేది. మా నాన్న పోయినప్పుడు టికెట్ తీసి పంపింది, ఆ డబ్బు కోసుకోలేదు. తోటి ఆడవాళ్ళు పడిన కష్టాలు విన్నాక, నేను ఫిర్యాదు చేస్తే కళ్ళు పోతాయి. అయినా ఆ బొమ్మను చూసి కుళ్ళుకున్న మాట నిజం. తిట్టే మామా ఇద్దరికీ ఉంది. ఆ బొమ్మ మామా తిట్టాక గరిటె పట్టుకుంటుంది.

2014లో ఒక శుక్రవారం సెలవు దొరికితే సూక్ అల్ జుమా అనే శుక్రవారం సంతకు పోయి, పాత సామాన్ల వరసలో ఒక డీఎస్, ఆ ఆటా బేరమాడి కొన్నాను. కార్గో కార్టన్‌లో టాంగ్ డబ్బాలు, దుప్పట్లు, సబ్బుల మధ్య పెట్టి పంపించాను. మా అబ్బికి ఎనిమిదేళ్ళు అప్పుడు. వాడికి నా చేతి వంట సరిగ్గా గుర్తుండే వయసు కాదు నేను వచ్చినప్పుడు. నెలన్నరకు కార్టన్ చేరింది. ఫోన్ చేస్తే వాడు హడావుడిగా ఏదో వండుతున్నాడు, నాతో మాట్లాడే తీరిక లేదు. మా అమ్మ ఫోన్ తీసుకుంది.

"ఎవురికి వండుతాందిమే ఈమె? సేపటి నుంచి చూస్తాండా. వండేది, చూపించేది. ఒక్కరన్నా తింటారేమో అని చూస్తే, ల్యా."

నేను ఏదో చెప్పబోయేలోపు వాడు ఫోన్ లాక్కున్నాడు. చార్జి అయిపోవస్తోందట. కువైట్ చార్జరుకు మూడు పలక కాళ్ళు, మన బోర్డులో దూరడం లేదట. రైల్వేకోడూరులో ఎవరి దగ్గరో అడాప్టర్ ఉందట, వంద రూపాయలట, అవ్వ ఇవ్వనంటోందట.

అవ్వకు ఫోన్ ఇవ్వమన్నాను.