కుదురులేని పిల్లలకు జట్టు కావాలి

సాయంత్రాలు నేను పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతాను. "మావాడు ఒక్కచోట నిలవడండీ, బాగా అలసిపోయేలా ఆడించండి" అని చెప్పి వదిలి వెళ్లే తల్లిదండ్రులే ఎక్కువ. అలసటే కావాలంటే మైదానం చుట్టూ పరుగెత్తిస్తే చాలు. కానీ తెల్లారేసరికి ఆ హుషారంతా మళ్లీ తయారు! ఆ పిల్లలకు కావలసింది ఒళ్లు వంచి చేసే పని, అందులో తమ మీద ఆధారపడే మరో నలుగురు.

అసలు ఈ ఆట పుట్టిందే అలాంటివాళ్ల కోసం. 1891 చలికాలంలో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వ్యాయామశాల కసరత్తులతో విసిగి ఎవరి మాటా వినని 18 మంది కుర్రాళ్లను వ్యాయామ శిక్షకుడు జేమ్స్ నైస్మిత్‌కు అప్పగించారు. ఆయన రెండు పీచ్ పండ్ల బుట్టలను బాల్కనీకి బిగించి, 13 నియమాలు రాసి, పక్షానికి తొమ్మిది మంది చొప్పున ఆడించారు. బంతి పట్టుకుని పరుగెత్తకూడదు, అందుకున్న చోటి నుంచే విసరాలి అన్నది ఆ నియమాల్లో ఒకటి. నాకు అదంటే ఎంతో ఇష్టం. దూకుడు తగ్గించుకోమని హితబోధ చేయకుండానే, పక్కవాడి అవసరం తెలిసొచ్చేలా చేశారాయన.

నా దగ్గరికి వచ్చే పన్నెండేళ్ల కుర్రాడు ఒకడున్నాడు. బంతి చిక్కిందంటే దాన్ని నేలకు కొడుతూ (దీన్నే డ్రిబుల్ చేయడం అంటారు), తల వంచుకుని బుట్ట వైపు దూసుకుపోతాడు. ఇద్దరు అడ్డం వస్తే బంతిని రెండు చేతులతో ఒడిసిపడతాడు. ఇక డ్రిబుల్ చేయడానికి లేదు, అయిదు సెకన్లలో బంతి వదలాలి. ఒక పాదం నేలకు ఆనించి, రెండో కాలితో అటూ ఇటూ తిరుగుతూ అప్పుడు తల ఎత్తుతాడు. మూలన ఎప్పటి నుంచో చేయి ఊపుతున్న మితభాషి అప్పుడు కనిపిస్తాడు. ఈమధ్య ఇద్దరు చుట్టుముట్టకముందే వాడి కళ్లు ఆ మూలకు వెళ్తున్నాయి. నేర్పేవాళ్లకు ఇంతకన్నా సంతోషం ఏముంటుంది?

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయినా మార్కులు తగ్గగానే ముందు మాన్పించేది ఆటే. ఇది చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. ఆ శిక్ష వాడి ఒక్కడికే పడదు, వాడు అందించే బంతి కోసం చూసే నలుగురికీ పడుతుంది. చదువుకు సమయం చాలకపోతే వచ్చి చెప్పండి, సాధన వేళలు మార్చుకుందాం. జట్టులోంచి మాత్రం తీసేయకండి.