ఎన్‌సీఆర్‌బీ పట్టికలతో కుస్తీ: నా అనుభవం

మా ఆఫీసులో నాకు అప్పగించిన పని వినడానికి చాలా చిన్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నేరాలు పెరిగాయా తగ్గాయా, రెండింట్లో ఎక్కడ ఎక్కువ, ఒక్క పేజీలో రాసివ్వమన్నారు. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో, అదే ఎన్‌సీఆర్‌బీ, ఏటా వేసే ‘క్రైమ్ ఇన్ ఇండియా’ ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతుంది. 1953 నుంచీ వస్తున్న నివేదిక అది, రాష్ట్రాలవారీ పట్టికలన్నీ అందులోనే ఉంటాయి. కాపీ చేసి గ్రాఫ్ గీసేస్తే మధ్యాహ్నానికి అయిపోతుందని మా సార్ లెక్క.

మొదటి గ్రాఫులోనే 2020 దగ్గర గీత నిట్టనిలువుగా లేచింది. 2019లో దేశం మొత్తం మీద 51.56 లక్షల కేసులుంటే 2020లో 66.01 లక్షలు, అంటే 28 శాతం ఎక్కువ. లాక్‌డౌన్‌లో జనం గడప దాటని ఏడాదిలో ఇన్ని నేరాలు ఎవరు చేశారబ్బా అని సెక్షన్లవారీగా వెతుక్కుంటూ పోతే అప్పటి భారత శిక్షాస్మృతి (ఐపీసీ) సెక్షన్ 188 దొరికింది. అధికారులు జారీచేసిన ఉత్తర్వులను ధిక్కరించడం. అంతకుముందు ఏడాది 29 వేల చిల్లర ఉన్న ఈ కేసులు 2020లో 6,12,179 అయ్యాయి. కర్ఫ్యూ వేళ బయటికొచ్చారని, గుంపు కూడారని, దుకాణం తెరిచారని పెట్టినవన్నీ అందులో ఉన్నాయి. హత్యలు చూస్తే పెరిగింది ఒక్క శాతమే. మహిళలపై నేరాల కేసులైతే 8.3 శాతం తగ్గాయి. ఇంట్లో కొట్టేవాడితోనే రోజంతా తలుపులేసుకుని ఉండాల్సి వచ్చిన మనిషి స్టేషన్‌కు ఎలా వెళ్తుంది? నిజంగా తగ్గాయా, ఫిర్యాదులే తగ్గాయా అన్నది మాత్రం ఏ పట్టికా చెప్పదు.

ఇలా కాదని మా మామయ్యకు ఫోన్ చేశాను. ఆయన పోలీసు శాఖలో పనిచేసి రిటైరయ్యారు, చివరి కొన్నేళ్లు జిల్లా క్రైమ్ రికార్డ్స్ బ్యూరోలో. స్టేషన్ల నుంచి వచ్చిన లెక్కలు సరిచూసి రాష్ట్ర బ్యూరోకు పంపడం, వాళ్లు వాటిని ఢిల్లీకి పంపడం, ఇదీ దారి. ఇప్పుడంటే స్టేషన్లన్నిటినీ కలిపే సీసీటీఎన్‌ఎస్ అనే కంప్యూటర్ నెట్‌వర్క్ వచ్చి ఎఫ్‌ఐఆర్ నేరుగా కంప్యూటర్‌లోనే ఎక్కుతోంది గానీ ఆయన రోజుల్లో నెలాఖరొస్తే రిజిస్టర్లు ముందేసుకుని కూర్చోవడమేనట.

“ముందు నువ్వు టోటల్ చూడ్డం మానెయ్యమ్మా” అన్నారు. “హెడ్డువారీగా చూడు. బాడీలీ అఫెన్సెస్ వేరు, ప్రాపర్టీ వేరు, వైట్ కాలర్ వేరు. ప్రాపర్టీలో మళ్లీ పగటి హెచ్‌బీ, రాత్రి హెచ్‌బీ, ఆర్డినరీ తెఫ్ట్, రాబరీ, డెకాయిటీ. నలుగురొచ్చి దోచుకుంటే రాబరీ, అయిదుగురొస్తే డెకాయిటీ.” హెడ్డంటే నేరం రకమని, బాడీలీ అఫెన్సెస్ అంటే మనిషి ఒంటి మీద జరిగే నేరాలని, హెచ్‌బీ అంటే ఇంటి తాళం పగలగొట్టి దూరడమని నేను రెండోసారి అడిగితే గానీ చెప్పలేదు, అందరికీ తెలుసనుకున్నట్టున్నారు.

చెయిన్ స్నాచింగ్ ఏ గడిలో పడుతుందని అడిగితే నవ్వారు. ఐపీసీ ఉన్న రోజుల్లో ఒక స్టేషన్‌లో 379 కింద మామూలు దొంగతనం, ఇంకో స్టేషన్‌లో 392 కింద రాబరీ. మనిషిని తోశారా లేదా, దెబ్బ తగిలిందా లేదా అన్నదాన్ని బట్టి సెక్షన్ మారేది. సమీక్ష మీటింగులో రాబరీలు పెరిగాయని పై అధికారి గట్టిగా అడిగితే, ఆ తర్వాత రాసే ఎఫ్‌ఐఆర్‌లలో ఆ తోపులాట కాస్త మెత్తబడే అవకాశం ఉంది కదా అన్నాను. ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఆయన చెప్పాక పుస్తకంలోని వివరణ పేజీలు చదివాను. నిజానికి పట్టికలకన్నా ముందు చదవాల్సినవి అవే, ఎవరూ చదవరు. ఒక ఎఫ్‌ఐఆర్‌లో ఎన్ని సెక్షన్లున్నా అన్నింటికన్నా పెద్ద శిక్ష పడే నేరం ఒక్కటే లెక్కలోకి వస్తుంది. ప్రిన్సిపల్ అఫెన్స్ రూల్ అంటారు. వరకట్న మరణం కేసులో 304బి (వరకట్న మరణం), 498ఎ (అత్తింటి వేధింపులు) రెండూ పెడితే పట్టికలో 304బి మాత్రమే కనిపిస్తుంది. ఆ అమ్మాయి పడిన హింస తాలూకు కేసు లెక్కలో ఉండదు. కాబట్టి చిన్న నేరాల సంఖ్య ఎప్పుడూ అసలుకన్నా తక్కువే ఉంటుంది. దీన్నెవరూ దాచిపెట్టలేదు, నివేదికలోనే రాసి ఉంది. నేరాలు పెరగడం వేరు, కేసుల నమోదు పెరగడం వేరు, రెండింటినీ కలపొద్దని కూడా ఎన్‌సీఆర్‌బీ వాళ్లే చెబుతారు. అయినా నివేదిక వచ్చిన మర్నాడు పేపర్లలో శీర్షిక ‘ఫలానా రాష్ట్రం నంబర్ వన్’ అనే.

ఆ నంబర్ వన్ సంగతి మాకు దగ్గరిదే. 2022లో సైబర్ నేరాల్లో తెలంగాణ దేశంలోనే మొదట, 15,297 కేసులు. ఆంధ్రప్రదేశ్‌లో 2,341. జనాభా ఆంధ్రలోనే ఎక్కువ, అక్కడా అవే ఫోన్లు, అవే యాప్‌లు, కేవైసీ అప్‌డేట్ చేయమని అవే దొంగ కాల్స్. అక్కడ మోసపోయినవాళ్లు ఆరో వంతే ఉంటారంటే నేను నమ్మను. హైదరాబాద్ లాంటి నగరం ఉండటం ఒక కారణమే, కాదనను. కానీ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి చెప్పిన ప్రతిదీ కేసు కాదు, అది ఎఫ్‌ఐఆర్‌గా మారితేనే పట్టికకెక్కుతుంది. ఎక్కడ ఎక్కువగా మారుస్తారో అక్కడ నేరాలు ఎక్కువున్నట్టు కనిపిస్తాయి. మా నోట్‌లో నేను ఎక్కువ వాదించింది దీనిమీదే.

ఫోన్ పోతే జరిగేది కూడా అంతే. జేబులోంచి కొట్టేసినా “పోయింది” అని రాసిమ్మంటారు, పోయిన ఫోన్లను పనిచేయకుండా ఆపే ప్రభుత్వ పోర్టల్ సీఈఐఆర్‌లో బ్లాక్ చేయిస్తారు, దొరికితే పిలిచి ఇస్తారు. యజమానికి ఫోన్ దొరకడమే ముఖ్యం కాబట్టి అతనూ పట్టించుకోడు. దొంగతనాల పట్టికలో మాత్రం అదొక సున్నా. కాగ్నిజబుల్ నేరం, అంటే పోలీసులు వారంటు లేకుండానే అరెస్టు చేయగల నేరం, ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013 నవంబరులో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జిల ధర్మాసనం చెప్పింది. అదే ఏడాది అత్యాచారం నిర్వచనం విస్తరించింది, నిర్భయ తర్వాత ధైర్యంగా ముందుకొచ్చేవాళ్లూ పెరిగారు. 2012లో 24,923 ఉన్న అత్యాచార కేసులు 2013లో 33,707 అయ్యాయి. ఈ పెరుగుదలను చూసి పోలీసుల్ని తిట్టాలా మెచ్చుకోవాలా అంటే, నాకైతే కొంత మెచ్చుకోవాలనే అనిపిస్తుంది.

ఎక్సైజ్, పేకాట, గంజాయి కేసులది ఇంకో దారి. వాటిల్లో స్టేషన్‌కొచ్చి ఫిర్యాదు చేసేవాళ్లు అరుదు, పోలీసులే వెళ్లి పట్టుకుంటారు. దాడులు పెంచితే కేసులు పెరుగుతాయి. అందుకే ఎస్‌ఎల్‌ఎల్ (ప్రత్యేక, స్థానిక చట్టాల కేసులు) అనే ఆ వరుసను ఐపీసీతో కలపకుండా పక్కన పెట్టేశాను.

రేట్ల దగ్గర కూడా జాగ్రత్త పడాలి. లక్ష జనాభాకు ఇన్ని కేసులని వేస్తారు, మహిళలపై నేరాలకు మాత్రం లక్ష మంది మహిళలకు. రెండింటినీ ఒకే గ్రాఫులో పెడితే అర్థం లేదు. పైగా ఆ జనాభా 2011 లెక్కల మీద వేసిన అంచనాయే. శిక్షల శాతం అంటే నమోదైన కేసుల్లో ఎన్నింటికి శిక్ష పడిందని అనుకుంటారు, కాదు, ఆ ఏడాది విచారణ పూర్తయిన వాటిల్లో మాత్రమే.

చివరికి నేనిచ్చింది ఒక పేజీ కాదు, మూడు పేజీలు. హత్యలను మాత్రం రెండు రాష్ట్రాల మధ్య నేరుగా పోల్చాను, శవం ఉన్నచోట కేసు కట్టక తప్పదు కాబట్టి (అది కూడా కొన్నిసార్లు అనుమానాస్పద మృతి కిందే ఉండిపోతుందని మామయ్య గుర్తుచేశారు). మిగతావాటికి ఏ రాష్ట్రాన్ని ఆ రాష్ట్రం పాత ఏళ్లతోనే పోల్చాను, 2020ని వేరే రంగులో చూపించాను. “ఇంతకీ ఏది సేఫో చెప్పవేంటి?” అన్నారు మా సార్. ఈ పట్టికల నుంచి చెప్పలేమని, దానికి ఇంటింటికీ వెళ్లి బాధితులను అడిగే సర్వే కావాలని, ఇంగ్లండ్‌లో 1982 నుంచి అలాంటిది ఉందని చెప్పాను. ఆయన కాసేపు గునిసి, ‘సేఫ్’ అన్న మాట శీర్షికలోంచి తీసేశారు.

ఇప్పుడు 2024 మీద పడ్డాను. ఆ ఏడాది జూలై 1న ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) అమల్లోకి వచ్చింది కాబట్టి సగం ఏడాది ఐపీసీ, సగం బీఎన్ఎస్. బీఎన్ఎస్‌లో చెయిన్ స్నాచింగ్‌కు 304 అని సొంత సెక్షన్ వచ్చింది, దాంతో మామూలు దొంగతనాల గడిలోంచి కొన్ని అటు వెళ్తాయి. అయిదు వేల రూపాయల లోపు దొంగతనం అయితే నాన్‌కాగ్నిజబుల్ అయింది, దానికి ఎఫ్‌ఐఆరే ఉండదు. 2025లో దొంగతనాలు తగ్గాయని ఎవరైనా గ్రాఫ్ పంపిస్తే ముందు ఈ రెండూ అడగండి. పాత సెక్షన్‌కు ఎదురుగా కొత్త సెక్షన్ రాసుకున్న ఒక షీట్ తయారుచేస్తున్నాను, ప్రాపర్టీ హెడ్ల వరకు అయింది, బాడీలీ అఫెన్సెస్ ఇంకా మిగిలాయి.