హ్యాండ్‌బ్రేక్ యాడుందన్నా?

మొన్న ఆదివారం కళ్యాణదుర్గం రోడ్డులో కారు వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చాను. కుర్రాడు లోపల కూర్చుని రెండు సీట్ల మధ్య చెయ్యి పెట్టి తెగ తడుముతున్నాడు. "అన్నా, హ్యాండ్‌బ్రేక్ యాడుందన్నా?" డ్యాష్‌బోర్డు కింద, ముందుకు లాగే పిడి చూపించాను. గేర్ రాడ్డు కూడా నేల మీద ఉండదు, డ్యాష్‌బోర్డులోంచే బయటికొస్తుంది, అందుకే ముందు సీట్లు రెండూ దాదాపు కలిసిపోయి ఉంటాయి, మధ్యలో కూరగాయల సంచి హాయిగా పడుతుంది.

"ఏం బండన్నా ఇది?"

"డాట్సన్ గో."

"ఆ కంపెనీ లేదు గదన్నా ఇప్పుడు!"

లేదు. చెన్నై ప్లాంటులో డాట్సన్ చిన్నకారు రెడీ-గో తయారీ ఆపేశామని 2022 ఏప్రిల్‌లో ఆ బ్రాండు సొంతదారు నిస్సాన్ చెప్పింది, దాంతో ఇక్కడ డాట్సన్ కథ అయిపోయింది. అసలు ఆ పేరుని చంపడం వాళ్ళకి ఇది రెండోసారి. 1930ల నాటి పేరది, 1980ల్లో ఒకసారి తీసేశారు, మళ్ళీ 2012లో బయటికి తీసి ఇండియా, ఇండోనేషియా, రష్యా లాంటి చోట్ల మొదటిసారి కారు కొనే కుర్రాళ్ళ కోసం అన్నారు. మాకు 'రైజర్స్' అని పేరు కూడా పెట్టారు. 2014 మార్చిలో గో వచ్చినప్పుడు ఢిల్లీ షోరూమ్ ధర 3.12 లక్షల నుంచి మొదలు.

నేను 2016లో కొన్నాను. కొత్త ఉద్యోగం, చేతిలో ఉన్నదంతా కలిపినా అంతకు మించి లేదు. కానీ మన ఇళ్ళల్లో కారు కుర్రాడొక్కడే కొంటాడా? నాన్న చూడాలి, మామ చూడాలి, ఎదురింటి రిటైర్డ్ సారు చుట్టూ ఒక రౌండు తిరగాలి. మా మామ డోరు తీసి వేసి, ఆ చప్పుడు విని, అడిగిన మొదటి మాట "మారుతి దొరకలేదా?" అని. స్టీరియో ఉండాల్సిన చోట ఫోన్ పెట్టుకునే హోల్డర్ చూసి మా నాన్న నవ్వేశాడు. యూత్ కదా, పాటలు ఫోన్‌లోనే వింటారని కంపెనీ లెక్క.

నాకు కోపం వచ్చేది ఆ లెక్క మీదే. యూత్ అంటే డబ్బుల్లేనివాళ్ళు, కాబట్టి తీసేయగలిగిందల్లా తీసేసి తక్కువకి ఇస్తే ఎగబడతారనుకున్నారు. కార్ల భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ 2014లో గుద్ది చూస్తే సున్నా స్టార్లు వచ్చాయి, ఆ బండిని అమ్మకం నుంచి తీసేయమని అప్పటి నిస్సాన్ అధినేత కార్లోస్ ఘోన్‌కి ఉత్తరమే రాశారు. నా దాంట్లో ఎయిర్‌బ్యాగులు లేవు. తెలిసే కొన్నాను, అది నా తప్పే, ఇప్పుడు పిల్లని వెనక సీట్లో కూర్చోబెట్టిన ప్రతిసారీ గుర్తొస్తుంది. కుర్రాళ్ళకి ఏం కావాలో పెనుకొండ వైపు వెళ్తే తెలుస్తుంది. 2019లో అక్కడ తయారైన కియా సెల్టోస్ వచ్చినప్పుడు, దాని ధర గోకి మూడింతలు, అయినా మా ఆఫీసు పిల్లలు ఈఎమ్‌ఐ పెట్టి మరీ బుక్ చేశారు. మొదటి కారైనా సరే, చూసినవాడు "ఎంతకి కొన్నావు?" అనాలి గానీ "ఇంతేనా?" అనకూడదు కదా.

అమెరికాలో టయోటా వాళ్ళు కూడా కుర్రాళ్ళ కోసమని 2003లో సయాన్ అని వేరే బ్రాండు మొదలుపెట్టి 2016లో మూసేశారు. కానీ వాళ్ళు కొన్ని మోడళ్ళని టయోటా పేరుతో నడిపించారు, సయాన్ ఎఫ్‌ఆర్-ఎస్ టయోటా 86 అయింది. మా వాటికి ఆ ఇంటిపేరు కూడా దక్కలేదు. సర్వీసు, స్పేర్లు ఇస్తామన్నారు, నిజమే. కానీ నాకు ఎడమ అద్దం విరిగితే ఊళ్ళో దొరక్క మెకానిక్ బెంగళూరు జేసీ రోడ్డు నుంచి బస్సులో తెప్పించాడు, అది వచ్చేదాకా వారం రోజులు మెడ తిప్పి చూసుకుంటూ నడిపాను. పాత కార్ల షాపులో అడిగితే బండి చుట్టూ తిరగకుండానే "లక్ష" అన్నాడు.

అయినా ఇంజన్ మీద మాత్రం ఒక్క మాట అనలేను. 1.2 లీటర్, మూడు సిలిండర్లు, బండేమో ఎనిమిది వందల కిలోలు కూడా ఉండదు, హైవే ఎక్కితే చూడాలి దాని ఉషారు.

కుర్రాడు కడగడం అయ్యాక రివర్స్‌లో బయటికి తీసి, అవసరం లేకపోయినా రోడ్డు మీద ఒక రౌండు వేసుకొచ్చాడు. "పికప్ బాగుందన్నా. ఎంతకిస్తావ్?"

నేనేం చెప్పలేదు. సర్వీసింగ్‌కి నాలుగొందలు ఇచ్చి, తాళాలు తీసుకుని వచ్చేశాను.