నందివర్ధనం పూలు, 1024 కేబీపీఎస్

భీమవరంలో మా ఇంటికి నాలుగు కెమెరాలు పెట్టించి ఏడాదైంది. అన్నీ 5 మెగాపిక్సెల్‌వే. బిగించిన అబ్బాయి వెళ్తూ వెళ్తూ, "20 రోజుల పైనే రికార్డింగ్ ఉంటుందండీ" అన్నాడు. నాన్న పొంగిపోయారు. 1 టీబీ డిస్క్‌లో అన్ని రోజులు ఎలా పడుతుందని అడగాలని మాకెవరికీ తోచలేదు.

కార్తీక మాసం వచ్చింది. ప్రహరీ పక్కన నందివర్ధనం పూలు తెల్లారేసరికి మాయం. అమ్మ సజ్జ పట్టుకుని వెళ్లేసరికి కొమ్మలన్నీ బోసి. "దేవుడికి రెండు పూలు కూడా వదలరా" అని రోజూ ఒకటే గొడవ. నాన్న రికార్డింగ్ వెనక్కి తిప్పారు. 4:50కి ఎవరో వచ్చారు, చేతిలో ప్లాస్టిక్ కవరు, పది నిమిషాలు తీరిగ్గా కోశారు. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి ముద్ద. వెంటనే నాకు ఫోను: "ఏమే, ఐదు మెగాపిక్సెల్ అన్నాడు, మనిషికి ముక్కు కూడా లేదు!"

హైదరాబాద్‌లో కూర్చుని యాప్ తెరిచాను. మామూలుగా ఫోన్‌లో కనపడేది సబ్ స్ట్రీమ్, అంటే నెట్ ఎక్కువ తినకుండా పంపే చిన్న బొమ్మ. దాన్ని చూసి కెమెరాను తిట్టడం అన్యాయం. హెచ్‌డీ నొక్కాను. అదీ ముద్దే. ఆ శనివారం ఊరెళ్లాను.

రికార్డర్‌కి మౌస్ తగిలించి చూస్తే అసలు సంగతి తెలిసింది. వీడియోని కుదించే పద్ధతి హెచ్.264, సెకనుకి 25 ఫ్రేములు (అంటే 25 బొమ్మలు), బిట్‌రేటు, అంటే సెకనుకి వాడే డేటా, 1024 కేబీపీఎస్ (కిలోబిట్లు). లెక్కేస్తే ఒక్కో ఫ్రేముకి సగటున 5 కిలోబైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో అంతకంటే పెద్దది! నాలుగు కెమెరాలకీ రోజుకి 43 జీబీ చాలు కాబట్టి ఆ అబ్బాయి చెప్పిన రోజులు నిజమే. ముఖాలే లేవు.

గేటు కెమెరాకి ఇంకా బాగా కుదించే హెచ్.265, 15 ఫ్రేములు, బిట్‌రేటు 4096 పెట్టాను. పెరడు, మేడ, పక్క సందు కెమెరాలకి 1536 చాలనిపించింది. అక్కడికొచ్చేది పిల్లులే. ఇప్పుడు రోజుకి 92 జీబీ దాకా అవుతుంది, డిస్క్‌లో పది రోజులే ఉంటుంది. నాన్న కాస్త నొచ్చుకున్నారు.

పగలు బొమ్మ అద్దంలా ఉంది. రాత్రి నన్నే గేటు దగ్గర నడవమని చూశారు, దెయ్యంలా సాగిపోయాను. చీకట్లో షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుతురు తీసుకునే సమయం, ఆటోలో ఉంటే వెలుతురు కోసం 1/25 సెకనుకి దిగిపోతుంది, ఆలోపు కదిలిన చెయ్యి గీతలా మిగులుతుంది. పైగా చీకటి బొమ్మలో ఇసుక చల్లినట్టు చుక్కలు. అవి ప్రతి ఫ్రేములో మారుతుంటాయి కాబట్టి ఇచ్చిన బిట్‌రేటులో సగం వాటికే పోతుందని నా అనుమానం. చుక్కలు పోవాలని నాయిస్ తగ్గించే సెట్టింగు బాగా పెంచితే నడిచే మనిషి వెనకాల నీడ తోకలా వస్తోంది. మధ్యలో ఆపాను.

షట్టర్ 1/100 చేశాను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్ల చారలు కూడా రావు. కానీ బొమ్మ చీకటైపోయింది. దానికి సెట్టింగుల్లో మందు లేదు. వీధి కొట్టుకెళ్లి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు తెచ్చి పోర్టికోలో పెట్టాను. నేను చేసిన పనులన్నిటిలోకీ ఎక్కువ తేడా తెచ్చింది ఆ బల్బే. ఆ తర్వాత, కొత్తగా సున్నం వేసిన గోడ మీద కెమెరా రాత్రిపూట వేసే, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు పడి తిరిగి కొడుతుంటే కెమెరాను జానెడు పక్కకి తిప్పాను. లెన్స్ ముందు సాలెగూడు నాన్న చీపురుతో దులిపారు.

ఆదివారం తెల్లవారుజామున కవరు పట్టుకుని మనిషి వచ్చింది. ముక్కుపుడకతో సహా కనపడింది. అమ్మతో పాటు రోజూ గుడికెళ్లే ఆవిడే. పోయిన వారం మా ఇంట్లో కాఫీ తాగుతూ "ఈ కాలంలో పూలకీ దొంగలేనా" అని అమ్మని ఓదార్చింది కూడా.

అమ్మ స్క్రీన్ వైపు కాసేపు చూసింది.

"ఇది మళ్లీ పాతలాగా చెయ్యడం కుదురుతుందా?" అంది.