పాలకూర: ఒక్క గింజలో మూడు మొక్కలు

పాలకూర గింజను అరచేతిలో వేసుకుని ఒకసారి చూడండి. గరుగ్గా, గతుకులుగా ఎండు బెండుముక్కలా ఉంటుంది. అది ఒక్క విత్తనం కాదు, రెండు మూడు విత్తనాలు అతుక్కున్న ఎండుకాయ. మన పాలకూర బీట్‌రూట్‌కి దగ్గరి చుట్టం, గింజ కూడా దాని పోలికే. మేడమీద మడుల్లో పాలకూర సన్నగా సాగి పాలిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. గింజకో మొక్క అనుకుని గుప్పెడు చల్లితే అన్నీ గుబురుగా లేచి ఒకదాని తిండి ఒకటి లాక్కుంటాయి.

నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు మడికి 3, 4 గ్రాముల గింజలు చాలు. ఆల్ గ్రీన్, పూసా జ్యోతి, అర్క అనుపమ మన వేడికి ఆగే రకాలు. ప్యాకెట్‌లో నున్నటి చిన్న గింజలుంటే అది విదేశీ స్పినాచ్, మొక్కే వేరు. బెజవాడ ఎండకి ఆకు నిండకుండానే పూతకాడ వేసేస్తుంది, దాని జోలికి పోవద్దు.

నల్లరేగడి మట్టి ఒక్కటే నింపితే తడికి బంకగా మారి ఎండకు బీటలు వారుతుంది. మట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమానంగా కలిపి, రెండు గుప్పిళ్లు వేపపిండి వేయండి. తొమ్మిదంగుళాల లోతు సరిపోతుంది. బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉన్నా ఈ మొక్క ఓర్చుకుంటుంది, బీట్ కుటుంబం గుణమది.

గింజలు రాత్రంతా నానబెట్టి, ఆరంగుళాల ఎడంలో సాళ్లు గీసి, సెంటీమీటరు లోతున అంగుళానికొకటి వేయండి. వారంలో మొలకలొస్తాయి. నాలుగైదు ఆకులు వేశాక ఒక్కోచోట బలమైన మొక్కనొక్కదాన్ని ఉంచి, రెండంగుళాలకొకటి మిగిలేలా మిగతావి కత్తెరతో మట్టి దగ్గర కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కూడా కదిలిపోతుంది. కత్తిరించిన లేత మొక్కలు పప్పులో కమ్మగా ఉంటాయి.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి అదును. ఒక్కటే భయం, అక్టోబరు, నవంబరుల తుఫాను వానలు. నీరు నిలిస్తే చిన్న మొలకలు మొదలు దగ్గర కుళ్లి వాలిపోతాయి. కుండీ అడుగు రంధ్రాలు మూసుకుపోలేదని చూసుకోండి. వేసవిలో వేయాలంటే సగం ఎండను ఆపే 50 శాతం నీడవల కట్టాల్సిందే.

నీళ్లు పొద్దున్నే, మొక్క మొదలు దగ్గర పోయండి. సాయంత్రం ఆకుల మీద చల్లితే రాత్రంతా తడిగా ఉండి ఆకుమచ్చ వస్తుంది. మధ్యలో బూడిదరంగు, చుట్టూ ఎర్రటి గోధుమరంగు అంచు ఉన్న గుండ్రటి మచ్చలవి. ఆ ఆకులు కోసి దూరంగా పారేయండి. ఇంకో శత్రువు, మిరప రైతులకు బాగా తెలిసిన లద్దె పురుగు. దాని తల్లి రెక్కల పురుగు ఆకు అడుగున గోధుమరంగు నూగు కప్పిన గుడ్ల ముద్ద పెడుతుంది. పిల్ల పురుగులు గుంపుగా గీకితే ఆకు జల్లెడలా అవుతుంది. ఆ దశలో ఆ ఒక్క ఆకు తుంచేస్తే సరి, నాలుగు రోజులు ఆగితే మడంతా చెదిరి తింటాయి. ఆకు రసం పీల్చే పేనుబంకకు లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంకాలం ఆకుల అడుగున పిచికారీ చేయండి. ఆ తర్వాత కొన్ని రోజులు ఆకు కోయొద్దు.

నెల రోజులకు తొలి కోత. నడిమి మొవ్వకు తగలకుండా రెండంగుళాలు వదిలి కోయండి. మొవ్వ తెగితే ఆ మొక్క తేరుకోదు. కోసిన ప్రతిసారీ గుప్పెడు వర్మీకంపోస్టు, లేదా పదింతల నీళ్లు కలిపిన జీవామృతం (పేడ, గోమూత్రం, బెల్లం, పప్పుల పిండి పులియబెట్టిన ద్రవం) ఇస్తే, పదిహేను ఇరవై రోజులకోసారి చొప్పున నాలుగైదు కోతలు వస్తాయి. నడుమ నుంచి పూతకాడ లేచిందంటే ఇక ఆకు చిన్నదై ముదిరిపోతుంది, ఆ మడి తీసేసి కొత్త గింజ వేసుకోండి.