రెప్ప వేసే తల

మరమనిషి తల చేయాలంటే లక్షలు పోయాలని చాలామంది భయం. ఫ్రెంచి శిల్పి గాయెల్ లాంజ్‌వాన్ 2012లో మొదలుపెట్టిన ఇన్‌మూవ్ అనే మరమనిషిని త్రీడీ ప్రింటర్‌తో అచ్చువేసుకునే నమూనాలు అందరికీ ఉచితంగానే దొరుకుతున్నాయి. త్రీడీ ప్రింటర్ లేని నేను కళ్లతో సరిపెట్టుకున్నాను: సగానికి కోసిన పింగ్‌పాంగ్ బంతులు, సైకిల్ చువ్వ ముక్కలు, చెప్పిన కోణానికి తిరిగి ఆగే 9 గ్రాముల సర్వో మోటార్లు, వాటిని ప్రోగ్రాంతో నడిపే ఆర్డుయినో అనే చిన్న బోర్డు ఒకటి. మోటార్లకు కరెంటు విడిగా ఇవ్వాలి సుమా, లేకపోతే పూనకం వచ్చినట్లు ఊగిపోతాయి.

సర్వోకు వెళ్లే సంకేతం 1.5 మిల్లీసెకండ్లు ఉంటే చూపు తిన్నగా ఉంటుంది, తగ్గినా పెరిగినా పక్కకు తిరుగుతుంది. అది తేలికే. రెప్పలే ప్రాణం తీశాయి. గడియారం పెట్టి కొట్టినట్లు వేస్తే ఉత్త బొమ్మే! వ్యవధి ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అయ్యేలా ప్రోగ్రాం మార్చాక అమ్మ, "దాన్ని అటు తిప్పరా, నన్నే చూస్తోంది" అంది. ఇంతకన్నా ధ్రువపత్రం ఏం కావాలి? దవడ పని వచ్చే నెల జీతం వచ్చాక.